దర్వాజ మీది ముద్ర

అడవిశాఖలో పనిచేశానని చెప్పడమే ఆలస్యం, పులి కథ చెప్పమంటారు. ఆ ముచ్చట ముందే తేల్చేస్తాను. పులి నన్ను చూసి తన దారిన తాను పోయింది. నేను దాన్ని చూసి నా దారిన నేను పరుగెత్తాను. అంతకు మించి మా ఇద్దరి మధ్య ఏమీ జరగలేదు. నేను చెప్పదలచుకున్నది ఒక సుత్తి సంగతి. గుప్పిట్లో ఇమిడే ఇనుప తల, మూరెడు కర్ర, తల మీద తిరగేసి చెక్కిన నాలుగు అక్షరాలు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు పులి కలలోకి రాలేదు గాని, ఆ సుత్తి పోగొట్టుకున్నట్టు మాత్రం చాలాసార్లు కల వచ్చింది.

శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్న ఇంటికి వచ్చి, "సారూ, మేం ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగారు. చెట్ల పేర్లు పుస్తకంలో దొరుకుతాయి. చట్టాలు పై అధికారి తిట్టినప్పుడల్లా ఒక్కొక్కటే వంటబడతాయి. సర్కారు ముద్ర ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అది చెబుదామనే ఈ నాలుగు కాగితాలు. నా ప్రమోషన్లు, బదిలీలు తెలుసుకోవాలని ఎవరికైనా ముచ్చటగా ఉంటే నా సర్వీసు పుస్తకం తెప్పించుకుని చదవండి. మంచి నిద్ర పడుతుంది.

సర్కారు చెయ్యి

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు. యాభైల్లో ఫారెస్టరుగా ఉద్యోగం వస్తే మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్‌కు వేశారు. సంతోషిస్తుందనుకుని మా అమ్మకు చెబితే, "అడివిల ఏసిండ్రా బిడ్డా? గంత తప్పేం జేసినవురా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నల్లమల అంటే ఆమెకు శిక్ష పడ్డవాళ్లు పోయే చోటు.

అక్కడ నాకు పని నేర్పింది డిప్యూటీ రేంజరు రాజయ్యగారు. లావుపాటి మనిషి, మాట అంతకన్నా లావు. చేరిన రోజే సుత్తి నా చేతిలో పెట్టి, "గిది సుత్తె అనుకునేవు. సుత్తె గాదు, సర్కారు చెయ్యి. నీ చెయ్యి నువ్వు ఎవనికన్న కిరాయికి ఇస్తవా?" అన్నారు. ఇవ్వనన్నాను. "మరి గిది గూడ ఇయ్యకు. వానొచ్చినా, జరమొచ్చినా, పెండ్లయినా నీ తోటే ఉండాలె." నా పెళ్లికి నేను దాన్ని నిజంగానే తీసుకుపోయాను. పెళ్లిపందిట్లో ఆ మూట ఏమిటని మా మామ అడిగితే దాన్ని ఇంకో చంకలోకి మార్చుకున్నాను.

దాన్ని వాడే తీరు తెలియనివాళ్ల కోసం చెబుతాను. కొట్టదగ్గ మాను అనుకున్నాక దాని మొదలు దగ్గర, నేలకు జానెడు ఎత్తున బెరడు చెక్కి, తెల్లగా బయటపడ్డ కట్టె మీద సుత్తితో ఒక దెబ్బ వేయాలి. శాఖ గుర్తు, సుత్తి నంబరు లోపలికి దిగుతాయి. మాను కొట్టేవాడి గొడ్డలి ఆ ముద్రకు పైనే పడాలి. అంటే మాను పోయాక కూడా నేలలో మిగిలిన మొద్దుకు ముద్ర ఉంటుంది. కొట్టిన దుంగ చివర మరో ముద్ర. ఒకటి అడవిలోనే ఉండిపోతుంది, రెండోది బండెక్కి ఊళ్లు తిరుగుతుంది. ఎక్కడైనా ఒక్క దెబ్బే వేయాలి. చెయ్యి వణికి రెండోది వేశారా, అక్షరం మీద అక్షరం పడి నిజం ముద్ర కూడా దొంగముద్రలా కనబడుతుంది.

నేను చేరేనాటికి కొన్ని సుత్తులకు నిజాం కాలపు ఉర్దూ అక్షరాలే ఉన్నాయి. రాజ్యం మారింది గాని సుత్తులు మారలేదు. కొన్నాళ్లకు రాష్ట్రం కూడా మారాక కొత్తవి వచ్చాయి. పాతవాటిని అధికారుల కళ్ల ముందు కాల్చి సాగగొట్టమని హుకుం. కమ్మరి వీరాచారి కొలిమి దగ్గర నన్ను కాపలా నిలబెట్టారు. ఆయన ఒక్కో సుత్తినీ కళ్లకద్దుకుని నిప్పుల్లో పెడుతుంటే, దేనికయ్యా దండం అని అడిగాను.

"ఎన్ని ఇండ్లు నిలవెట్టిందో గద సారూ!" అన్నాడు. ఇంకొకటి పెడుతూ, "ఎన్ని గూలగొట్టిందో గది గూడ ఎరికే అనుకో," అన్నాడు. నేను నవ్వాను. కొలిమి ముందు కూర్చున్నవాడికి కాలక్షేపం కావాలి కదా, ఏదో అంటాడులే అనుకున్నాను.

సేటుగారి అత్త

ముద్ర సర్కారు ఒక్కదానికే ఉంటుందనుకోకండి. మాన్లు కొట్టడానికి విడదీసిన అడవి ముక్కను కూపు అంటాం. దాన్ని వేలంలో పాడుకున్న ప్రతి కంట్రాక్టరుకూ తన సొంత గుర్తు ఉండాలి. అది మా దగ్గర రాయించుకుని, దానికో సుత్తి చేయించుకోవాలి. మా ముద్ర అనుమతికి, ఆయన ముద్ర ఆయన సరుకని తెలియడానికి. ఒకాయనది చేప, ఒకాయనది త్రాసు, ఇంకొకాయనది పేరులోని మొదటి అక్షరం. చదువు రాని బండివాళ్లు కూడా దుంగ చివర చూసి ఇది చేప సేటుది, ఇది త్రాసు సేటుది అని ఏరి పెట్టేవారు.

ఒక సేటు వచ్చి తన గుర్తు కాగితం మీద గీసి ఇచ్చాడు. గుండ్రని గీత, లోపల రెండు అక్షరాలు. దూరం నుంచి చూస్తే అచ్చం మా శాఖ ముద్రే. రాజయ్యగారు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు.

"నీ పేర్ల లేని అచ్చరం నీ ముద్రల ఎందుకున్నది సేటూ?"

"గది మా అత్తగారి పేరు. ఆమె అంటే నాకు బగ్గ గౌరవం."

"మంచిది. రేపు మీ అత్తను తీస్కరా. ఆమె సుత్తె ఆమె పట్టుకుంటది, నీ సుత్తె నువ్వు పట్టుకో."

సేటు మర్నాడు వచ్చి నెమలి బొమ్మ రాయించుకుని పోయాడు. సొంత ముద్ర మనిషి మర్యాద అని పెద్దలు అంటే విన్నాను. నేను చూసినంతలో సొంత ముద్ర చాలామందికి మర్యాదే. పక్కవాడి ముద్రలా కనబడాలని చూసే సొంత ముద్ర మాత్రం నూటికి నూరుపాళ్లు దొంగది. అలాంటిది మీ బల్ల మీదికి వస్తే కాగితం కింద పెట్టి మనిషి మొహం చూడండి.

ముద్ర భద్రం, మాలు మాయం

రాజయ్యగారు బదిలీ మీద పోయాక ఒక రేంజరు వచ్చారు. పేరెందుకులెండి, ఆయన మనుమలు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. ఆయనకు లక్కముద్రల పిచ్చి. తాళానికి లక్క, సంచికి లక్క, కవరుకు లక్క. ఇంటి నుంచి వచ్చే టిఫిన్ క్యారియరుకు కూడా ముద్ర వేయించేవారు, దారిలో జవాను కూర తింటాడని. ఆ జవానే చెప్పాడు, తాను ఎన్నడూ కూర తినలేదట. ఆ ఇంటి కూర ఎవరూ తినరట.

ఒకసారి పట్టుబడ్డ టేకు దుంగలను కోర్టు తేల్చేదాకా ఒక పాత రాతి కొట్టంలో పెట్టించారు. తాళం వేసి, దాని మీద గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, తన ముద్ర ఒత్తారు. రోజూ పొద్దున్నే పోయి భూతద్దం పెట్టి ముద్ర చూసుకుని, తృప్తిగా తిరిగి వచ్చేవారు. మేం ఎవరమైనా కొట్టం చుట్టూ ఒకసారి తిరిగి చూద్దామంటే, "ముద్ర ఉండగా కాపలా ఎందుకయ్యా?" అనేవారు.

కోర్టు నుంచి పిలుపు వచ్చిన రోజు అందరి ముందూ ముద్ర పగలగొట్టి తలుపు తీశారు. లోపల ఎండ పడుతోంది. వెనక గోడలో బండి దూరేంత కంత. కొట్టంలో దుంగలు లేవు, కందిరీగల గూడు ఒకటి ఉంది. "నా ముద్ర చెక్కుచెదరలేదు కదండీ!" అని ఆయన కోర్టులో మొత్తుకున్నారు. జడ్జిగారు, "అవునండీ, ముద్ర చాలా భద్రంగా ఉంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి దాచుకోండి," అన్నారు.

ఇది మీరు ఎక్కడ రాసుకుంటారో రాసుకోండి. ముద్ర పగల్లేదంటే ముద్ర పగల్లేదనే అర్థం. లోపల మాలు ఉందని కాదు. అలాగే ముద్ర లేదంటే ముద్ర లేదనే అర్థం. లోపల దొంగ ఉన్నాడని కాదు. ఈ రెండో ముక్క అర్థం కావడానికి నాకు ఇంకొన్నేళ్లు పట్టింది. అది నేర్పింది అధికారి కాదు. మా కూపుల్లో మాన్లు కొట్టే ఒక కూలివాడు, అదీ తన ఇంటి గుమ్మంలో నిలబడి.

కుంకుమ పెట్టిన ముద్ర

ముందు మా రేంజిలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. ఇల్లు కట్టుకునే పేదవాళ్లకు దర్వాజకూ, దూలానికీ రాయితీ మీద మాను ఇచ్చేవాళ్లం. దర్వాజ అంటే మా వైపు తలుపు నిలిపే చట్రం. దుంగను రంపంతో కోస్తే చివరనున్న ముద్ర పొట్టులో కలిసిపోతుంది. మరి ఇంటికున్నది రాయితీ కట్టెనో, దొంగ కట్టెనో ఎట్లా తెలుస్తుంది? అందుకని దర్వాజ నిలబెట్టిన రోజు ఫారెస్టరు పోయి, పైపట్టె నడుమ సుత్తితో ఒక దెబ్బ వేసి వచ్చేవాడు. ఇక ఆ ఇంటికి పోయి ఏ గార్డూ బెదిరించి కోడి అడగడానికి వీల్లేదు. మంచి ఉద్దేశంతో పెట్టిన అలవాటే, జనం కూడా సంతోషంగానే కొట్టించుకునేవారు.

ఎంత సంతోషమంటే, శుక్రవారం గడపకు పసుపు రాసే ఆడవాళ్లు పీట వేసుకుని ఎక్కి మా ముద్రకూ కుంకుమబొట్టు పెట్టేవారు. ఒక అవ్వ నన్ను ఆపి, "సారూ, గీ దేవుని పేరేంది?" అని అడిగింది.

"జంగ్లాత్ దేవుడు అవ్వా," అన్నాను. జంగ్లాత్ అంటే మా శాఖే.

అవ్వ ముద్రను ఎగాదిగా చూసి, "అయితె గింత కుంకుమ సాలదు," అని ఇంకో బొట్టు పెట్టింది.

ఏసోబు ఇల్లు

ఏసోబుది అమ్రాబాద్ దాపున ఒక ఊరు. తండ్రి అప్పు కింద దొర దగ్గర జీతానికి ఉండి, అది తీరకుండానే పోయాడు. ఏసోబు మా కూపుల్లో గొడ్డలి పని చేస్తూ, ఊరి చివర సర్కారు ఇచ్చిన జాగాలో రెండర్రల మట్టి ఇల్లు లేపాడు. వాళ్ల వంశంలో సొంత ఇల్లు అదే మొదటిది. దర్వాజకు నల్లమద్ది మాను నేనే చూసి, ముద్ర వేసి ఇచ్చాను. దర్వాజ నిలబెట్టిన రోజు పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. నేను పైపట్టె మీద దెబ్బ వేశాను. ఏసోబు భార్య మరియమ్మ అందరికీ బెల్లంముక్కలు పంచింది. అరవైల్లో మాట ఇది.

ఆ వానాకాలం అడవిలో మాన్లు విపరీతంగా మాయమవుతుంటే పైనుంచి హుకుం దిగింది. ఊరూరా, ఇల్లిల్లూ చూడాలి. ముద్ర లేని దర్వాజ కనబడితే పీకి జప్తు చేయాలి. అప్పటి మా రేంజరు హమీద్ సాబ్. నిజాం కాలంలో నౌకరీలో చేరిన మనిషి. లంచం ముట్టడు, తప్పు చూస్తే ఊరకుండడు. తిడితే ఉర్దూలో తిట్టేవారు, మెచ్చుకుంటే తెలుగులో మెచ్చుకునేవారు. అందుకే నాకు ఉర్దూ బాగా వచ్చింది.

మేం ఆ ఊరికి పోయేసరికి రెండు రోజులుగా ముసురు. గడ్డపారలతో ఇద్దరు వాచర్లు మా వెంట ఉన్నారు. మొదట ఊరి శిస్తు వసూలు చూసే మాలిపటేలు తమ్ముడు వెంకటరావు కొత్త కొట్టానికున్న దర్వాజ చూశాం. ముద్ర లేదు. ఎక్కడిదని సాబ్ అడిగితే ఆయన ముందు కొన్నానన్నాడు, తర్వాత మా తాత నాటిదన్నాడు. కట్టె ఇంకా పచ్చి వాసన వస్తోంది. సాబ్ పీకించి మా బండిలో వేయించారు. ఊళ్లో పటేలు ఇంటి మనిషికి అంత అవమానం ఎన్నడూ జరగలేదు. ఆయన ఇంట్లోకి పోలేదు. ఇంకెవరిది పీకుతారో చూస్తానని మా వెంటే ఇంటింటికీ వచ్చాడు.

ఏసోబు ఇంటి ముందు సాబ్ ఆగి తలెత్తి చూశారు. పైపట్టె నడుమ, ముద్ర ఉండవలసిన చోట, వడ్రంగి రందతో చిత్రిక పట్టిన నున్నని పల్లం ఉంది.

"నర్సింహా, ముద్రేది?" అని నన్ను అడిగారు.

"కొట్టిన సాబ్. నా చేత్తోటి నేనే కొట్టిన."

"కొట్టినవు సరే. ఇప్పుడేది?"

ఏసోబు పెరటి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తప్పించుకునే ప్రయత్నం ఏమీ చేయలేదు. "నేనే తీపిచ్చిన సాబ్. వడ్లాయన తోటి రంద పట్టిచ్చిన."

ఊరంతా కుంకుమ పెడుతున్న ముద్రను ఈయన గీకించాడు! వెంకటరావుకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది.

"సూసిండ్రా సాబ్! దొంగ కట్టె గాకపోతె ముద్రెందుకు తీస్తడు? మాది పీకిండ్రు. వీనిది ఇడిస్తె ఊరు ఊరంత నవ్వుతది."

ఆయన అన్న రెండో మాటలో న్యాయం ఉంది. ఒకరికో తీరు, ఇంకొకరికో తీరు ఉండకూడదు. కాని ఆ మట్టిగోడ రెండు రోజుల వానకు నాని ఉంది. దర్వాజ పీకితే గోడ ఆగదు. గోడ పోతే దూలం ఆగదు. దూలం కింద ఆ ఇంటి పొయ్యి ఉంది, ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు. అక్కడ నిలబడ్డ అందరికీ అది తెలుసు.

సాబ్ కఠినుడే గాని రాతిమనిషి కాదు. నా భుజానికున్న సంచి వైపు చూపించారు. "సుత్తి తెచ్చినవు గద. నువ్వు ఇచ్చిన మానే అంటున్నవు. మళ్లీ ఒకటి కొట్టు. బాత్ ఖతం."

సుత్తి బయటికి తీశాను. ఏసోబు వచ్చి నాకూ దర్వాజకూ నడుమ నిలబడ్డాడు.

"వద్దు సారూ."

"ఏంది వద్దు?"

"కొట్టొద్దు."

మరియమ్మ లోపలి నుంచి ఉరికి వచ్చింది. "ఏందయ్యా నువ్వు! ఒక్క దెబ్బే గద, కొట్టిచ్చుకో. గోడ గూలితె గీ ముసురుల పిల్లలనేసుకొని యాడికి పోదాం?"

"కొడితె మళ్ల రంద పట్టిస్త," అన్నాడు ఏసోబు. అరవలేదు. నేల చూసి అన్నాడు.

"దిమాగ్ ఖరాబ్ హువా క్యా?" సాబ్ ఉర్దూలోకి దిగారు, మతి పోయిందా అని. వాచర్లు గడ్డపారలు సర్దుకున్నారు. అప్పుడు ఏసోబు తలెత్తి మాట్లాడాడు. కూపులో రోజంతా పని చేసినా పది మాటలు మాట్లాడని మనిషి.

"కోపం జెయ్యకుండ్రి సాబ్, జర ఇనుండ్రి. మా బాపు దొర కాడ జీతమున్నడు. మేమున్న గుడిశె దొరది. ఎడ్ల తొడ మీద దొర ముద్ర. నీళ్ల బిందె మీద దొర పేరు. కళ్లంల జొన్నలు రాశి వోసినంక, ఎవ్వలు ముట్టకుండ రాశి సుట్టు మట్టిముద్దలు వెట్టి దొర చెక్కముద్ర ఒత్తెటోళ్లు. గా జొన్నలు మేం పండిచ్చినయే. ముద్ర పడ్డంక గింజ ముడితె దెబ్బలే. దేని మీద ఎవ్వని ముద్ర ఉంటె గది వానిది. గిది నేను బడికి పోయి నేర్వలె, పుట్టినకాంచి సూసిన."

వెంకటరావు ఏదో అనబోతే సాబ్ చెయ్యెత్తి ఆపారు.

"సారు మంచి మనసుతోనే కొట్టిండు. నెల దినాలు ఓర్సుకున్న. దినాం గా ముద్ర కింద తల వంచి లోపటికి పోవుడు. నా ఇంట్లకు నేను పోతున్నట్టు లేకుండె. మాను సర్కారుది సాబ్, నేను కాదంటలేను. ఇల్లు నాది. గోడ నేను వెట్టిన, మన్ను నా పెండ్లాం తొక్కింది. గీ ఇంటి మీద ఎవ్వని ముద్ర వద్దు. పీకుతరా, పీకుండ్రి."

మరియమ్మ మగని మొహం వైపు చూసింది. పోయి గుమ్మంలో, రెండు నిలువుపట్టెలనూ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

అన్నేళ్లూ నేను ముద్ర అంటే అనుమతి అనుకున్నాను. కొట్టే చేతికి అది అనుమతే. దాని కింద బతికేవాడికి అది యజమాని పేరు. వీరాచారి కొలిమి ముందు అన్నమాట నాకు అప్పుడు సరిగ్గా వినబడింది.

మొద్దు దగ్గర

చేతిలో సుత్తి ఉన్నవాడికి బుర్ర కూడా ఉండాలి కదా. "ఒక్క మాట సాబ్," అన్నాను. "దర్వాజ మీది ముద్ర పోయింది. మొద్దు మీది ముద్ర యాడికి పోతది? గుట్ట దిగి వాగు దాటితె మొద్దు ఉన్నది. పోయి చూద్దాం."

సాబ్ తలూపారు. తర్వాత వెంకటరావు వైపు తిరిగి, "మీరు కూడా రావాలె. సాక్షి కావాలె నాకు," అన్నారు. ఆయన రాక తప్పలేదు.

ముసురులో తడుస్తూ గుట్ట దిగాం. ఆ వాగు ఒడ్డున ఆ ఏడు నేను ముద్ర వేసిన నల్లమద్ది అదొక్కటే. మొద్దు పక్కన కొత్త చిగుళ్లు వచ్చాయి. సాబ్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని, నాచును బొటనవేలితో గీకారు. ముద్ర అక్షరం పోకుండా ఉంది. నా సుత్తి అడిగి తీసుకుని దాని తలను ఆ గుంటలో పెట్టి చూశారు. గీతకు గీత కుదిరింది.

"మొద్దు అయితె ఉన్నది," అన్నాడు వెంకటరావు. "గీ మొద్దు వీని దర్వాజదే అని ఏం గ్యారంటీ? అడివిల మొద్దులకు కరువా సాబ్?"

సాబ్ లేచి మోకాళ్లకంటిన బురద దులుపుకున్నారు. "కరువు లేదు. చాలా ఉన్నయి. మీ దర్వాజకు కూడా ఒకటి ఉంటది గద? పోదాం, చూపియ్యండి. దాని మీద ముద్ర ఉంటే ఈ పొద్దే మీ దర్వాజ మీకు నిలబెట్టిస్త."

వెంకటరావు మబ్బు వైపు చూశాడు. "వాన గట్టిగ కొట్టేటట్టున్నది. పశువుల్ని కొట్టంల కట్టెయ్యాలె," అని గబగబా ఊరి దారి పట్టాడు. కొట్టానికి దర్వాజ లేదని ఆయనకు దారిలో గుర్తొచ్చి ఉంటుంది.

తిరుగుదారిలో సాబ్ ముందు నడిచారు. గుట్ట ఎక్కాక ఆగి, "మాను సర్కారుది. సర్కారు ముద్ర మొద్దు మీద ఉంది. కాఫీ హై," అన్నారు. చాలు, అని.

"పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలె సాబ్?"

"నా పేరు చెప్పు."

కొత్తగా చేరిన పిల్లలారా, మంచి అధికారి ఎవరని మీకు అనుమానం వస్తే ఆ మూడు మాటలు అనేవాడు. నాకు చాలామంది అధికారులు దొరికారు, ఆ మూడు మాటలు అన్నవాళ్లు తక్కువ. ఆ ఏటి నుంచి మా రేంజిలో దర్వాజ మీద ముద్ర అడిగినవాళ్లకే వేశాం. అడగనివాళ్లకు మొద్దు మీదిదే లెక్క. శాఖ ఏమీ మునిగిపోలేదు. సుత్తి మీ చేతికి వచ్చినప్పుడు ముందు ఆ వస్తువు ఎవరిదో అడగండి. సర్కారుదైతే ధైర్యంగా కొట్టండి. కాకపోతే సుత్తి సంచిలో పెట్టండి. సుత్తి సంచిలో పెట్టడం కూడా ఉద్యోగమే.

ఇక ఆ రోజు సంగతి పూర్తి చేస్తాను. మేం వచ్చేసరికి మరియమ్మ పట్టెలు వదలకుండా అట్లాగే నిలబడి ఉంది. వాచర్లు గడ్డపారలు గోడకు ఆనించి చూరు కింద కూర్చున్నారు. సాబ్ వాటిని తీసి బండిలో వేయమన్నారు. మరియమ్మ అప్పుడు చేతులు దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

సాబ్ తలెత్తి ఆ నున్నని చోటు మళ్లీ చూశారు. "ఇప్పుడు ఇక్కడ ఏం పెడ్తవు? శిలువనా, నీ పేరా?"

"ఏం వద్దు సాబ్," అన్నాడు ఏసోబు. "ఉత్తగనే ఉండనీ."

వాన ఒక్కసారిగా జోరందుకుంది. చూరు నీళ్లు మా వీపుల మీద పడుతున్నాయి. సాబ్ పొద్దుటి నుంచి ఆ ఊళ్లో ఎన్నో ఇళ్లలోకి అడగకుండానే పోయి వచ్చారు. ఇక్కడ ఒక అడుగు ముందుకు వేసి గడప ముందు ఆగారు.

"లోపలికి రావచ్చునా?"

మరియమ్మ మగని వైపు చూసింది. ఏసోబు సాబ్ కాళ్ల వైపు చూశాడు.

"రండ్రి సాబ్. బూట్లు జర బయట ఇడువుండ్రి."

దొర ఉండే గడి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన మనిషి కొడుకు అన్నమాట అది. సాబ్ తడిసిన అరుగు మీద కూర్చుని, బురద పట్టిన బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టారు. నేనూ ఆయన పక్కన కూర్చుని నావి విప్పాను.